అమ్మినోడి పలుపు

మిట్టేమరి మునినారాయణ కంటికి లోకంలో ఎవరూ ఆనరు. నలభై ఏళ్ళు చింతామణి పశువుల సంతలో దళారిగా తిరిగి, తువ్వాలు కింద వేళ్ళు నొక్కి బేరాలు కుదిర్చిన మనిషి. ఆ నలభై ఏళ్ళలో తనను ఒక్కడంటే ఒక్కడు మోసం చేయలేకపోయాడని ఆయనే చెబుతాడు. అడిగినవాళ్ళకు చెబుతాడు, అడగనివాళ్ళకు ఇంకాస్త వివరంగా చెబుతాడు. కానీ కాలం మారిపోయింది. ఇప్పుడు ఆవు ఫోన్‌లో కనబడుతుంది, డబ్బు ఫోన్‌లోనే పోతుంది, తెల్లారేసరికి ఆవు టెంపోలో వచ్చి వాకిట్లో దిగుతుంది. మధ్యలో దళారికి పనేముంది?

"ఫోన్లో చూసి ఆవును కొంటారంటప్పా! ఫోన్లో ఆవు తన్నుతాదా? ఫోన్లో పొదుగు పిండేకి అవుతాదా? థూ, మీ తెలివి తెల్లారిపోనూ!" అని దారిన పోయేవాళ్ళను ఆపి మరీ తిడతాడు. మూడేళ్ళుగా తనను ఒక్క బేరానికి కూడా ఎవరూ పిలవలేదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పడు.

అలా చేతులు దురద పెడుతున్న సమయంలో మనవరాలు వినుత లాప్‌టాప్ కొనాలంది.

వినుత బీఎస్సీ లెక్కలు చదివింది. ఊళ్ళో పదకొండు మంది పిల్లలకు ట్యూషన్ చెబుతోంది. బెంగళూరులో ఒక కంపెనీవాళ్ళు ఇంట్లోనే కూర్చుని ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే పని ఇస్తామన్నారు. సోమవారం పొద్దున పది గంటలకు డెమో క్లాసు. నలభై నిమిషాలు నిజమైన పిల్లలకు లెక్క చెప్పాలి, తెర మీద పెన్నుతో రాసి చూపించాలి. బాగుంటే పని ఇస్తారు, బాగలేకపోతే అంతే, ఇంకోసారి పిలవరు. తెర మీద రాసే రకం లాప్‌టాప్ కొత్తది కొనాలంటే ఇంట్లో రెండావులు అమ్మాలి. అందుకని ఫోన్‌లో అమ్మకం ప్రకటనలు వెతికి వెతికి చిక్కబళ్ళాపురలో ఒక పాతదాన్ని పట్టింది. ఆరేళ్ళ వయసు. అప్పట్లోనే చవక రకం. కానీ వెనక్కి పూర్తిగా మడిస్తే పలకలా అవుతుంది, దాని పెన్నూ ఉంది. ధర పదిహేను వేలు. ట్యూషన్ డబ్బులు సరిగ్గా సరిపోతాయి.

ఆ బొమ్మ చూసి మునినారాయణ పెదవి విరిచాడు.

"ముందుకూ ఒంగుతాది, వెనక్కీ ఒంగుతాది. అట్లా రెండు పక్కలా ఒంగేది మనిషైనా సరే, మిషనైనా సరే, నమ్మేకి లేదు పాపా. నువ్వొక్కదానివే పోతే నీ నెత్తిన టోపీ పెడతారు. నేనొస్తా."

కొడుకు ధనుంజయ కూడా "పోనీ, తోడుగా ఉంటాడు" అన్నాడు. పాపం, వాడికేం తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి తాతా మనవరాలూ చిక్కబళ్ళాపుర బస్టాండు వెనక వీధిలో ఉన్న అమరేష్ ఇంట్లో కూర్చున్నారు. అమరేష్ ఏదో ఆఫీసులో గుమాస్తా. మెత్తటి మనిషి. అతని భార్య సుమ కాఫీ ఇచ్చింది. లాప్‌టాప్ బల్ల మీద ఉంది, దాని తాడు గోడకు గుచ్చి ఉంది. మునినారాయణ కాఫీ పక్కన పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, మొదటి ప్రశ్న వేశాడు.

"ఇది ఎన్నో ఈత?"

అమరేష్‌కు ఒక క్షణం అర్థం కాలేదు. ఆవు ఎన్నిసార్లు ఈనిందని అడిగినట్టని అర్థమయ్యాక నవ్వాడు. "మొదటిదే తాతా. కొత్తది మేమే కొన్నాము. ఇంగెవురి చేతికీ పోలేదు."

"వయసు?"

"ఆరేండ్లు."

మునినారాయణ లాప్‌టాప్ మూత తెరిచి, వంగి, ఆవు నోరు తెరిచి పళ్ళు చూసినట్టే అక్షరాల బిళ్ళలను ఒక్కొక్కటే చూశాడు. మూడు బిళ్ళల మీద అక్షరాలు పూర్తిగా చెరిగిపోయాయి. "ఈ మూడు పళ్ళూ అరిగిపోయినాయి. ఆరంటాండావు, ఏడుకు తక్కువుంటే నా మీసం తీసేస్తా" అన్నాడు. అమరేష్ దాన్ని తిరగేసి అడుగున అంటించిన చీటీ చదివాడు. ఏడేళ్ళే. "క్షమించండి తాతా, నాకే గ్యాపకం లేదు" అన్నాడు నీళ్ళు నములుతూ. వినుత తాత వైపు మొదటిసారి కాస్త గౌరవంగా చూసింది. ఆ చూపు చాలు, ఆయనకు ఏనుగెక్కినంత పొగరు వచ్చింది.

తర్వాత దాన్ని పదిసార్లు ముందుకు తెరిచి పదిసార్లు వెనక్కి మడిచి, చెవి ఆనించి కీళ్ళు విన్నాడు. ఎడమ కీలు కిర్రుమంది. "ఎడమకాలు కుంటు" అని తీర్పు చెప్పాడు. ఆ తర్వాత గోడకున్న తాడు చూపించి, "అది పీకు" అన్నాడు.

"ఎందుకు తాతా?"

"ఎందుకా? మండికల్ ఊళ్ళో ఒకాయన రెండు పూటలు పాలు పిండకుండా పొదుగు బిగదీసి ఆవును చూపించినాడు. చూసినోళ్ళంతా కుండలు కుండలు పాలని ఎగిరిరి. నేను మూడు పూటలు వాళ్ళింట్లోనే కూర్చుని పిండిస్తే నాలుగు లీటర్లు! మీదీ అంతే. తాడు కట్టి నూరు శాతం చూపిస్తాండావు. తాడు పీకి నడిపించు, ఎంత సేపు పాలిస్తాదో చూస్తా."

మాట సరైనదే, ఎవరూ కాదనలేరు. తాడు పీకారు. ఒక గంటన్నర సేపు లాప్‌టాప్‌లో ఏదో సినిమా నడిపించారు. మునినారాయణ కదలకుండా చూశాడు. సినిమా కాదు, మూలనున్న శాతం అంకెను. గంటన్నరకు నూరు కాస్తా నలభైకి దిగింది. "పరవాలేదు, పాడి ఉండాది" అన్నాడు.

ఇక బేరం. భుజం మీది తువ్వాలు తీసి అమరేష్ కుడిచేతి మీద కప్పి, కింద నుంచి వేళ్ళు పట్టుకుని నొక్కాడు. ఒకసారి నొక్కి ఆగాడు. మళ్ళీ రెండు వేళ్ళు నొక్కాడు. అమరేష్ బెదిరిపోయాడు. ముసలాయనకు కళ్ళు తిరిగాయేమో, పట్టు కోసం చెయ్యి పట్టుకున్నాడేమో అనుకున్నాడు.

"తాతా, నీళ్ళు కావల్నా? సుమా, ఫ్యాను వెయ్యి!"

వినుతకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "అది బేరమన్నా. పన్నెండు వేలంట" అని సణిగింది. ఆ అవస్థ చూడలేక అమరేష్ "సరే సరే, పన్నెండే ఈయండి" అన్నాడు. మునినారాయణ గెలిచినట్టు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఫోన్‌లో డబ్బు వేయబోయిన వినుతను ఆపి, చేతికి చేతే ఇవ్వాలని నోట్లు ఇప్పించాడు. అందువల్ల అమరేష్ ఫోన్ నంబరు కూడా వాళ్ళ దగ్గర మిగల్లేదు, మాట్లాడుకున్నదంతా ఆ ప్రకటన కిందే కదా.

పెన్ను లోపలి గదిలో ఉంది. దానికి చిన్న సెల్లు ఎలా మార్చాలో చూపిస్తానని సుమ వినుతను గదిలోకి తీసుకుపోయింది. ఆ రెండు నిమిషాల్లోనే కొంప మునిగింది.

అమరేష్ గోడ దగ్గరున్న నల్లతాడు చుట్ట చుట్టి ఇవ్వబోయాడు. మునినారాయణ అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దప్పా. ఆవుతో పాటు అమ్మినోడి పలుపు కొన్నోడు పట్టుకపోకూడదు. నీ ఇంటి లచ్చిమి నీ ఇంట్లోనే ఉండనీ."

"తాతా, ఇది చార్జరు..."

"ఏమైతే ఏమి? మా ఇంట్లో గోడ నిండా ఏలాడతాండాయి ఇట్లాంటి తాళ్ళు. నలభై ఏండ్లలో ఒక్కరి పలుపు కూడా నేను ముట్టలేదు."

ఇంట్లో ఇంకొకటి ఉంది కాబోలు అనుకున్నాడు అమరేష్. మునినారాయణ తానే లాప్‌టాప్‌ను కొత్త తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టి ముడివేశాడు. వినుత వచ్చి సంచి విప్పబోతే, అమ్మినవాళ్ళ గడపలో మూట విప్పకూడదని కసిరాడు. బస్సుకు కూడా టైమైంది.

మిట్టేమరి చేరేసరికి ఇంకా ఎండ ఉంది. వినుత చేతులు కడుక్కుని, లాప్‌టాప్ తెరిచి, వెనక్కి మడిచి, పెన్నుతో గీతలు గీస్తూ కూర్చుంది. గీత సన్నగా, జారుతూ, ఎంత ముద్దొచ్చిందో ఆ పిల్లకు. బయట మునినారాయణ ఎదురింటి గంగప్పను పట్టుకుని పళ్ళు చూసిన కథ, కీలు విన్న కథ, పాడి పట్టిన కథ వరుసగా చెబుతున్నాడు. పన్నెండుకు దించిన ఘట్టం రెండోసారి మొదలవుతుండగా లోపల నుంచి గొంతు వచ్చింది.

"తాతా, చార్జర్ యాడ?"

"ఏమి చార్జరు?"

"నల్లతాడు! గోడకు గుచ్చింది!"

"పలుపా? పలుపు ఎవురైనా ఇస్తారా, ఎవురైనా తెస్తారా? వాడు ఈబోయినాడు, నేనే వద్దన్నా. ఫోన్ల తాళ్ళు ఇన్ని ఉండాయి గదా, ఒకటి కట్టు."

వినుత గోడకున్న తాళ్ళన్నీ తెచ్చింది. ఒక్కటీ పట్టలేదు. దానికి పట్టేది సన్నటి గుండ్రటి పిన్ను, పాత రకం. ధనుంజయ బాగేపల్లిలో తెలిసిన అంగడికి ఫోన్ చేశాడు. ఆ రకం తెప్పించాలంటే వారం పడుతుందన్నారు. వినుత ఫోన్ తీసి ప్రకటన వెతికింది. అమ్ముడుపోయిందని అమరేష్ దాన్ని తీసేశాడు, దాంతో పాటు మాట్లాడే దారీ మూసుకుపోయింది.

గంగప్ప మెల్లగా లేచి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని తన ఇంటికి పోయాడు. ఎందుకు అడ్డం పెట్టుకున్నాడో మునినారాయణకు తెలుసు.

"ఆవుకు పలుపు లేకపోతే ఇంకో తాడు కట్టొచ్చు తాతా" అంది వినుత. "దీనికి మేత పోయేదే ఆ తాడులో. నువ్వు ఆవును తోలుకొచ్చి, దాని నోరు అమ్మినోడి ఇంట్లో వదిలేసొచ్చినావు."

తెర మూలన అంకె ముప్పైకి వచ్చి ఉంది. వినుత బస్సు టికెట్టు వెనక లెక్క వేసింది. గంటన్నరకు అరవై పోయింది, అంటే ముప్పైకి నలభై ఐదు నిమిషాలు. క్లాసు నలభై. ఐదు నిమిషాలు మిగులు, అదీ ఏడేళ్ళ ముసలి బ్యాటరీ మాట నిలబెట్టుకుంటేనే. ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టి లాప్‌టాప్ పూర్తిగా ఆర్పేసింది. సాయంత్రమంతా సాధన చేద్దామనుకున్నది, ఒక్క గీత కూడా గీయకుండా కూర్చుంది. ఏ మూర్ఖుడి పరీక్ష ఆ అరవై శాతాన్ని తాగేసిందో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

"చీకట్లో పోయేకి బండికి లైటు లేదు, పొద్దున్నే నేను పోయి తెస్తాలే" అన్నాడు ధనుంజయ.

"నువ్వు పోతే వాడు నిన్నే అమ్ముకుంటాడు. నా బేరం, నేనే పోతా. మొదటి బస్సుకు పోయి తొమ్మిదిన్నరకంతా వస్తా."

తెల్లవారి బయల్దేరేటప్పుడు వినుత గడప దాకా వచ్చింది. "తాతా, పోతానే చెప్పు. పది గంటలకు క్లాసుండాదని చెప్పు. మంచోళ్ళు వాళ్ళు."

"సరే సరే" అన్నాడు మునినారాయణ.

ఏడున్నరకు అమరేష్ ఇంట్లో ఉన్నాడు. తలుపు పక్క బల్ల మీద, ప్లాస్టిక్ కవర్లో, నల్లతాడు చుట్ట చుట్టి కనబడుతూనే ఉంది. చెయ్యి చాపితే అందేది. కానీ ఆయన చెయ్యి చాపుతాడా? అవసరం ఉన్నట్టు కనబడితే ధర నెత్తికెక్కుతుందని నలభై ఏళ్ళు లోకానికి పాఠం చెప్పిన మనిషి! కొనాల్సిన ఆవు వైపు చూడకూడదు, పక్క ఆవు వైపు చూడాలి. అందుకని ఆయన తాడు వైపు చూడలేదు, గోడకున్న క్యాలెండరు వైపు చూశాడు.

"ఈ పక్క పనుండి వస్తి. ఊరికే చూసిపోదామని" అన్నాడు.

అమరేష్‌కు వేరే అనుమానం వచ్చింది. లాప్‌టాప్ చెడిపోయి ఉంటుంది, ముసలాయన డబ్బు వెనక్కి అడగడానికే వచ్చాడు, అనుకున్నాడు. అడిగితే కొరివితో తల గోక్కున్నట్టే కదా! అందుకని అతనూ లాప్‌టాప్ ఊసు ఎత్తలేదు. ఇద్దరూ వాన గురించి మాట్లాడుకున్నారు. ద్రాక్షతోటల గురించి మాట్లాడుకున్నారు. అమరేష్ స్నానం చేసి వచ్చాడు, పూజ చేసుకున్నాడు. సుమ ఉప్పిట్టు, అదే ఉప్మా, పెట్టింది. మునినారాయణ తిన్నాడు. గడియారం ఎనిమిదింబావు చూపించింది. ఇప్పుడు లేవకపోతే బస్సు అందదని తెలుసు. అయినా నోటి దాకా వచ్చిన మాటను ఉప్పిట్టుతో పాటు మింగాడు. వాడే ముందు అడగాలి. అడిగేవాడు లోకువ. మనవరాలి బతుకు ముప్పై శాతం మీద వేలాడుతుంటే ఈయన బేరం మర్యాద కాపాడుతున్నాడు.

తొమ్మిది దాటి పది నిమిషాలైంది. అమరేష్ ఆఫీసుకు చెప్పులు వేసుకుంటుంటే సుమ బయటికొచ్చింది. ఆమెకు ఈ మగవాళ్ళ నాటకాలు తెలియవు.

"తాతా, నిన్న చార్జరు వదిలేసి పోయిరి గదా. కావల్సొస్తాదని కవర్లో పెట్టి పెట్టినా. తీసుకుపోతారా?"

మునినారాయణ గొంతు సవరించుకున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, చెయ్యి దానంతట అదే భుజం మీది తువ్వాలు పట్టుకుంది. "ఏమో... తీసుకుంటే తీసుకుంటా. ఏమిస్తే ఇస్తావు?"

"ఏమి ఇచ్చేదేమి తాతా? అది మీదే గదా!" అన్నాడు అమరేష్, ఊపిరి పీల్చుకుంటూ. "దీనికా వచ్చింది? రెండు గంటల్నుంచీ కూర్చోనుండారు! వస్తానే అడిగుంటే అప్పుడే ఇచ్చి బస్సు ఎక్కించుంటాను గదా."

మునినారాయణ తువ్వాలు వదిలేశాడు. "మా పాపకు పది గంటలకు క్లాసప్పా" అన్నాడు. ఆ ఒక్క మాట చెప్పడానికి ఆయనకు గంటా నలభై నిమిషాలు పట్టింది. అమరేష్ తలకొట్టుకుని, స్కూటర్ మీద బస్టాండుకు తీసుకుపోయి, కదులుతున్న బస్సును ఆపించి ఎక్కించాడు.

బాగేపల్లి నుంచి ఆటోలో మిట్టేమరి చేరేసరికి పదకొండు కావస్తోంది. నలభై ఏళ్ళు ఒకరి పలుపు ముట్టని మనిషి, నల్లతాడును అందరికీ కనబడేటట్టు చేత్తో పట్టుకుని వీధిలో పరుగులాంటి నడక నడిచాడు. గంగప్ప తన వాకిట్లో నుంచి చూశాడు. ఈసారి తువ్వాలు కూడా అడ్డం పెట్టుకోలేదు.

వినుత గడపలో కూర్చుని ఉంది. లాప్‌టాప్ ఒళ్ళో మూసి ఉంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది తాతా. చివర్లో అందరికీ నమస్కారం చెప్తాండంగానే ఆరిపోయింది. అంతలోపల లెక్క ముగించినా."

"మరి పని?"

"ఇచ్చినారు. ఇప్పుడే ఫోన్ చేసిరి. గురువారం నుంచి."

అంతే, ముసలాయనకు ప్రాణం లేచొచ్చింది. ప్రాణంతో పాటు నోరూ లేచింది. "చెప్పలేదా నేను! మంచి పాడి అని గంటన్నర చూసి మరీ పట్టినా! ఏమి లెక్క చెప్పినావు పాపా?"

"ఒకాయన ఉండాడు" అంది వినుత. "పాత లాప్‌టాప్ కొనేకి పోయి గంటన్నర పరీక్ష చేసినాడు. నూట్లో అరవై శాతం దానికే అయిపాయ. చార్జర్ అమ్మినోడి ఇంట్లోనే వదిలేసొచ్చినాడు. ముప్పై శాతంతో ఎన్ని నిమిషాలు నడుస్తాది? ఇదీ లెక్క. పిల్లోళ్ళు ఒకటే నగు. మేడమ్ కూడా నగి నగి, ఇంత బాగా ఎవురూ అర్థమయ్యేటట్టు చెప్పలేదు, ఇంక అన్ని క్లాసుల్లోనూ ఇదే చెప్పమన్నారు."

మునినారాయణ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నా పేరు చెప్పినావా?"

"లేదు తాతా. ఒకాయన అన్నా, అంతే."

"మంచిది" అన్నాడు ఆయన. కొంచెం సేపటికి అది కూడా గుచ్చుకుంది. నలభై ఏళ్ళ మునినారాయణ చివరికి పేరు లేని ఒకాయన అయ్యాడు.

"ఒక పిల్లోడు అడిగినాడు తాతా, ఆయన మళ్ళా పోయి చార్జరు తెచ్చుకోవచ్చు గదా మిస్, అని. పోయినాడు, వస్తాండాడు అని చెప్పినా. నలభై నిమిషాలూ ఒక కన్ను తెర మీద, ఒక కన్ను వాకిలి మీద పెట్టుకోనుంటి." వినుత ఆయన చేతిలోని తాడు చూసింది. "ఇచ్చేది లేదనిరా తాతా? బేరం చేసిరా? ఇంత సేపు ఏమాయ?"

చెప్పడానికి అబద్ధాలు బోలెడున్నాయి. బస్సు రాలేదనొచ్చు, వాళ్ళు ఇంట్లో లేరనొచ్చు, రెండు వేలు అడిగితే రూపాయి లేకుండా లాక్కొచ్చానని కూడా చెప్పొచ్చు. సంతలో ఇంతకంటే పెద్దవి చెప్పిన నోరే. కానీ ఆ పిల్ల నలభై నిమిషాలు వాకిలి చూసింది. ఆయనకు సిగ్గేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగేంత సిగ్గు.

"ఉత్తగానే ఈయాలని కవర్లో కట్టి పెట్టుండిరి పాపా" అన్నాడు. "నేనే అడగలేదు. రెండు గంటలు వాళ్ళింట్లో ఉప్పిట్టు తింటా కూర్చోనుంటి."

వినుత ఆయన్ను ఎగాదిగా చూసింది. తాడు తీసుకుని, లేచి, లోపలికి పోయి గోడకు గుచ్చింది. లోపల నుంచే అడిగింది.

"దీన్నీ లెక్కలో కలిపేదా తాతా?"